గొలుసు గుంజినోళ్ల బాట

మా తాత గొలుసు గుంజిండు. మోట కొట్టిండు, దొర కచ్చురం ముందట ఉరికిండు, గడిల కట్టెలు కొట్టిండు. అవి ప్రతి మాదిగ తాత చేసిన పనులే. గొలుసు గుంజిన సంగతి మాత్రం మా ఇంట్ల కొంచెం గొప్పగ చెప్పుకునేటోళ్లు. నైజాం జమాన ఆఖరుకు భూములు కొలువ సర్కారోళ్లు మా ఊరికి వచ్చినప్పుడు తాతకు పదిహేను పదహారేండ్లు ఉంటయట. 33 అడుగుల ఇనుప గొలుసు. ఒక కొస కొలిచేటోని మనిషి పడితే ఇంకో కొస ఎట్టి మాదిగ పట్టాలె. ముందట ముండ్ల పొద ఉన్నా, బురద మడి ఉన్నా, పాముల పుట్ట ఉన్నా గొలుసు వంకర పోవద్దు. పొద్దుగూకేదాక గుంజితే కూలి లేదు. ఎట్టి అంటేనే కూలి లేనిది గద. "సీదా గుంజు బే" అన్న తిట్టొక్కటి తాతకు మిగిలింది. ముసలితనంల దాన్ని నవ్వుకుంట చెప్పేది.

మా దిక్కు భూమి లెక్క ఇప్పటికీ ఆ గొలుసు లెక్కనే. గొలుసు పొడుగు, గొలుసు ఎడల్పు ఉన్న జాగ ఒక గుంట. 33ను 33తో గుణిస్తే 1,089 చదరపు అడుగులు, అంటే 121 గజాలు. 40 గుంటలైతే ఎకరం. బడిల పిల్లలకు ఈ లెక్క చెప్పినప్పుడల్లా నాకు తాత పగిలిన మడిమలు యాదికొస్తయి. ఆయన గుంజిన గొలుసుతోని ఊరందరి భూములకు నంబర్లు పడ్డయి, హద్దులు పడ్డయి, సేత్వార్ల పేర్లెక్కినయి. తాత పేరు మీద గుంట ఎక్కలేదు.

నేను పదో తరగతిల ఉన్నప్పుడు తాత చనిపోయిండు. వాడెనక నుంచి వాగు దిక్కు పోయే బాటెంబడి డప్పు కొట్టుకుంట తీస్కపోయి బొందలగడ్డల బొంద పెట్టినం. ఈ రాత ఆ బొందలగడ్డ గురించి, ఆ బాట గురించి. ఊరి పేరు రాస్త లేను. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నది. మానేరు ఒడ్డున ఒక ఊరనుకోండ్రి.

2016 అక్టోబర్ 11న జిల్లాలు చీలినయి. ఒక్క కరీంనగర్ లోంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల బయటికొచ్చినయి; కొన్ని మండలాలు పక్క జిల్లాలల్ల కలిసినయి. కొత్త జిల్లా, కొత్త ఆఫీసులు అనంగనే ఊర్ల పొంటి భూమికి రెక్కలొచ్చినయి. 2018 ఎండకాలంల మా బొందలగడ్డ చుట్టు ఎవరో తెల్ల సున్నం పూసిన హద్దురాళ్లు పాతిన్రు. ప్లాట్లట. వాడ పెద్దమనుషులు పోయి అడిగితే కాయిదాలు చూపెట్టిన్రు. 1954-55 ఖాస్రా పహాణీల ఆ సర్వే నంబరు పాత దొర పేరు మీదనే ఉన్నది. ఆయన కొడుకు అమ్మిండు, కొన్నోడు కొన్నడు. "ఇండ్ల శ్మశానం అని ఏడ రాసి ఉంది?" అని అడిగిన్రు. మా దగ్గర జవాబు లేదు. మా అవ్వ, మా పెద్దబాపు, వాళ్ల ముందటోళ్లు అందరు అక్కడనే పండుకున్నరు గాని వాళ్లెవ్వరు సాక్ష్యం చెప్పలేరు.

మండలాఫీసుల నక్ష చూపెట్టుమన్నం. ఊరి నక్షల సర్వే నంబర్ల గీతలున్నయి, చెరువుంది, ఆబాది ఉంది. ఆబాది అంటే ఊరి ఇండ్ల జాగ, ఒక ముద్దగ గీసి ఇడిసిపెడ్తరు. మా వాడ దాంట్ల లేదు. ఊరవతల కదా. వాగు ఒడ్డున ఖాళీ గీతలు. అప్పుడే మా తాత గొలుసు యాదికొచ్చింది. ఆ గీతలు గీసిన కాడ కాలు పెట్టినోడు ఆయనే, ఆ గీతల కింద పండుకున్నోడు ఆయనే. "మీకు వైకుంఠధామం కట్టిస్తున్నరు గద" అన్నరు తర్వాత ఏడాది. పల్లె ప్రగతి కింద ఊరూరికి ఒకటి వచ్చింది, నిజమే. అది కాలబెట్టేటోళ్లకు కట్టింది. మేం పూడ్చేటోళ్లం. ఉన్న బొందలను అక్కడికి ఎట్ల జరుపుతం?

నేను 2012 డీఎస్సీల నాన్‌లోకల్ కోటాల ఆదిలాబాద్ జిల్లాకు పోయిన. సోషల్ చెప్తా. మ్యాపు రోజూ ముట్టే వస్తువే. అయినా మా ఊరి గురించి మ్యాపుల వెతకాలన్న ఆలోచన బొందలగడ్డ పోయే దాక రాలేదు. బీఈడీల మాకు టోపోషీట్ అని ఒక పాఠం ఉండె. గుర్తులు బట్టీ కొట్టి మార్కులు తెచ్చుకున్నం. అంతే.

చదువుకునే పిల్లలకు, తిరిగే కార్యకర్తలకు పనికొస్తదని ఆ షీట్ల నంబరు మర్మం ఇక్కడ రాస్తున్న. సర్వే ఆఫ్ ఇండియా దేశాన్ని నాలుగు డిగ్రీల పొడుగు, నాలుగు డిగ్రీల ఎడల్పు ముక్కలుగ కోసి ఒక్కో ముక్కకు ఒక్కో నంబరిచ్చింది. ఉత్తరాన 16 నుంచి 20 డిగ్రీలు, తూర్పున 76 నుంచి 80 డిగ్రీల మధ్య ముక్క 56. మన తెలంగాణ చానమట్టుకు దాంట్లనే ఉంటది. దాన్ని మల్ల పదహారు ముక్కలు చేసి ఏ నుంచి పీ దాక అక్షరాలు పెట్టిన్రు, పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి. ఆదిలాబాద్ పట్నం 56 ఐ. కరీంనగర్ 56 ఎన్. హైదరాబాద్ 56 కే. ఆ ఒక్కో అక్షరాన్ని ఇంకో పదహారు చేస్తే వచ్చేదే మన ఊరు, వాగు, తోవ కనిపించే షీటు. ఊరి పేరు చెప్తే గ్రంథాలయంల ఎవ్వరు ఇయ్యలేరు. నంబరు చెప్తే కాదనలేరు. కాదంటరు, అది వేరే సంగతి.

మొదలు కంప్యూటర్ల వెతికిన. 2017ల సర్వే ఆఫ్ ఇండియా "నక్షే" అని ఒక పోర్టల్ పెట్టింది. ఆ సంస్థ పుట్టింది 1767ల, రెండువందల యాభై ఏండ్ల పండుగకు ఇది మొదలైంది. అప్పుడు ఆధార్ నంబరు ఇస్తే 1:50,000 కొలత మ్యాపులు ఉచితంగ దిగేటియి. దేశం మ్యాపు చూడాలంటే ముందు నా ఆధార్ చూపాలె, సరే చూపిన. దిగింది. అది 2005 జాతీయ మ్యాపు విధానం తర్వాత వచ్చిన ఓపెన్ సిరీస్, దాని నంబరే వేరు, ఇ 44 అని మొదలైతది. కొత్త రోడ్లు ఉన్నయి, కాలువలు ఉన్నయి. మా వాడ దగ్గర బాట లేదు. అప్పటికే పత్తి చేన్లల్ల బాట సగం కలిసిపోయింది మరి.

ఇంకోటి దొరికింది, అమెరికాల. టెక్సస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్ గ్రంథాలయంల పెద్ద మ్యాపుల భాండారం ఉన్నది. అమెరికా సైన్యం మ్యాపుల విభాగం 1950లల్ల మన దేశం మొత్తానికి 1:250,000 కొలతల షీట్లు అచ్చేసింది. అవన్నీ ఆ గ్రంథాలయం స్కాన్ చేసి అందరికి ఇడిసిపెట్టింది. పాస్‌వర్డ్ లేదు, ఆధార్ లేదు, కులం లేదు. రాత్రి పదకొండు గంటలకు ఆసిఫాబాద్ దిక్కు ఒక కిరాయి రూములో కూసోని ఫోన్ల మా ఊరు చూసిన. ఇంగ్లీషు అక్షరాలల్ల, తప్పు స్పెల్లింగుతోని. యుద్ధం కోసం గీసిన మ్యాపుల మా ఊరి పేరు చూసి నవ్వాలో ఏడ్వాలో సమజు కాలేదు. కాని ఆ కొలతల అంగుళానికి నాలుగు మైళ్లు పడుతయి. ఊరు ఒక చుక్క. బాట ఏడ కనిపిస్తది?

నాకు కావాల్సింది పాత అంగుళం-మైలు షీటు. ఒక మైలు భూమి ఒక అంగుళంల. అది మన దగ్గర ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంల ఉంటదని తెలిసినోళ్లు చెప్పిన్రు. పేరు రాయను. 2019 దసరా సెలవులల్ల పోయిన.

కౌంటర్ కాడ కూసున్నాయన నా కార్డు అడిగిండు. లేదు. నేను చదివింది వేరే దగ్గర. ఏ డిపార్ట్‌మెంటు, గైడ్ ఎవరు అన్నడు. బడిపంతులును, రీసెర్చి కాదు, ఊరి పని అన్న. "ఊరి పనికి లైబ్రరీ ఏంది సార్?" అన్నడు. ఆయన తప్పు గాదు, నిజంగనే అర్థం కాలేదు ఆయనకు. మ్యాపులు ఇంటికిచ్చే పద్ధతి లేదన్నడు. పుస్తకమైతే పోతే డబ్బులు కట్టించుకుంటం, మ్యాపు పోతే ఎట్ల అన్నడు. ఈడనే చూస్త అంటే శాఖాధిపతి చిట్టీ కావాలన్నడు. ఎవరి శాఖాధిపతి? మా హెడ్‌మాస్టరా?

రెండో రోజు మా మండల విద్యాధికారి దగ్గర రాయించుకున్న కాయిదం, నా గుర్తింపు కార్డు పట్టుకొని మల్ల పోయిన. ఈసారి కేటలాగు చూసుకోనిచ్చిన్రు. మ్యాపులు, అట్లాసులు 912 నంబరు కింద ఉంటయి. కరీంనగర్ అని వెతికితే కొత్తవే దొరికినయి. ఒక సగం పూట అట్లనే పోయింది. తర్వాత బుద్ధి తెలిసింది. 1905 దాక మా జిల్లా పేరు ఎలగందుల. ఇప్పుడు కరీంనగర్ అవతల మానేరు దిక్కు కోట ఒక్కటి మిగిలింది గాని ఒకప్పుడు జిల్లా దాని పేరు మీదనే. నిజామాబాద్ అప్పుడు ఇందూరు. ఆదిలాబాద్ దిక్కంత సిర్పూర్-తాండూర్. దాంట్ల ఉన్న తాండూర్ మంచిర్యాల దిక్కుది, వికారాబాద్ దిక్కు తాండూర్ కాదు, చానమంది అక్కడ పొరపాటు పడుతరు. పాత పేరుతోని, పాత స్పెల్లింగుతోని, "హైదరాబాద్ స్టేట్" అని, "నైజాం డొమినియన్స్" అని వెతికితే కార్డులు ఒక్కొక్కటి బయటికొచ్చినయి. రాజులు మారితే పేరు మారుతది. పేరు మారినప్పుడు వెతికేటోని తోవ మూసుకపోతది. మనోళ్లు సర్కారు కాయిదం వెతకబోయి "దొరకలే" అని మర్లి వచ్చేది సగం ఇందుకే.

కార్డు దొరికింది, షీటు దొరకాలె గద. మ్యాపుల బీరువా తాళం ఒక అటెండర్ దగ్గర ఉండె. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. నంబరు చిట్టీ చూసి నన్ను పైనుంచి కిందికి చూసిండు.

"ఏ ఊరు సారు మీది?"

"కరీంనగర్ దిక్కు, మానేరు ఒడ్డు."

"ఊర్ల ఇల్లెక్కడ?"

ఇది మామూలు ప్రశ్న కాదని చదివేటోళ్లకు చెప్పనక్కర లేదు. బస్సుల, కిరాయి ఇంటి కాడ, స్టాఫ్ రూంల ఎన్నిసార్లో విన్న. ఎన్నిసార్లో "బస్టాండ్ కాడ" అని అబద్ధం చెప్పిన. ఆ రోజు ఎందుకో "ఊరవతల" అన్న.

ఆయన ఇంకేం అడుగలే. "కూసో తమ్మీ" అని బీరువా తెరిచిండు.

బట్ట అంటించిన షీటు. మడతల కాడ పగిలి బట్ట ఆపింది. రెండు చేతులతోని పెద్ద బల్ల మీద పరిచిండు, నాలుగు మూలలకు నాలుగు డిక్షనరీలు పెట్టిండు. మా బాపు పుట్టకముందటి షీటు అది. అడవికి ఆకుపచ్చ, నీళ్లకు నీలం, గుట్టలకు గోధుమరంగు గీతలు, ఇండ్లకు తోవలకు ఎరుపు. మానేరు నీలంగ, ఇసుక చుక్కలతోని వంకర తిరిగింది. మా ఊరు దొరికింది. ఊరి నడుమ గుడి గుర్తు. మసీదు గుర్తు. దొరల మామిడితోట. చెరువు కట్ట. ఊరికి పడమట కొంచెం ఎడంగ, పేరు లేకుంట, ఏడెనిమిది సన్నని ఎర్ర చతురస్రాలు. అవే మా ఇండ్లు. ఊరి పేరు అక్షరాలు మా ఇండ్ల దాక రాలేదు.

కింద గుర్తుల పట్టిక చదివిన. గుడిసెలకు రెండు గుర్తులు, శాశ్వతానికి ఒకటి, తాత్కాలికానికి ఒకటి. గుడికి, చర్చికి, మసీదుకు, ఈద్గాకు, గుమ్మటానికి వేరేవేరు గుర్తులు. సమాధులకు కూడ గుర్తుంది! ఆ గుర్తు కోసం వాగు ఒడ్డంత వేలు పెట్టి వెతికిన. దొరల తోట కాడ ఒక సమాధి గుర్తు ఉంది. వాగు కాడ లేదు. ఎందుకు లేదో అక్కడ కూసున్నంకనే అర్థమైంది. దిమ్మె కడితెనే కదా సమాధి. మాది మట్టికుప్ప, మీద రెండు రాళ్లు, తుమ్మకంప. రెండు వానకాలాలు దాటితే కుప్ప దిగిపోతది. కొలిచేటోని దుర్భిణికి అది ఎట్ల కనిపిస్తది?

లేచిపోదామనుకున్న. అటెండర్ అన్ననే, అప్పటికి అన్న అయిండు, బీరువాల నుంచి భూతద్దం తెచ్చిచ్చిండు. అప్పుడు కనిపించింది. మా చతురస్రాల ఎనక నుంచి ఒక ఎర్ర చుక్కల గీత. పట్టికల చూస్తే కాలిబాట. అది పొలాలల్ల నుంచి వాగు దిక్కు పోయి ఒడ్డు మీద ఆగిపోయింది. వాగు దాటలేదు. అవతల ఊరికి కలువలేదు. దాని కొసకు బాయి లేదు, గుడి లేదు, తోట లేదు. మ్యాపుల అన్ని బాటలు ఏదో ఒకదానికి పోతయి. ఇది మాత్రం ఉత్తగ, ఖాళీ జాగకు పోయి నిలబడ్డది.

ఆ షీటు గీసినోనికి ఆ బాట ఎందుకుందో తెలువదు. నడిచి అరిగి కనిపించింది కాబట్టి గీసిండు. మాకు తెలుసు ఆ బాటెంబడి నలుగురు భుజాల మీద మోసుకుంట ఎట్ల పోతరో. తాతను అట్లనే తీస్కపోయినం.

చేతులు వణికినయి. అన్న నీళ్లు తెచ్చిచ్చిండు.

మ్యాపు ఇంటికియ్యరు కాబట్టి నకలు దించుకోవాలె. పెన్ను రానియ్యరు, పెన్సిలే. ట్రేసింగ్ కాయిదం తెచ్చుకొని రెండు పూటలు కూసోని దించుకున్న. షీటు నంబరు, సర్వే సంవత్సరం, అచ్చు సంవత్సరం, కొలత, అంచుల మీద ఉన్న డిగ్రీలు అన్ని రాసుకున్న. ఇంటికి తెచ్చి మా బాపుకు చూపెట్టిన. చదువు రాని మనిషి. వాగు ఎటు, చెరువు ఎటు అని చెప్తే ఐదు నిమిషాలల్ల పట్టేసిండు. "గిది గొల్లోల్ల దొడ్డి, గిది ఊడల మర్రి, గీడ మీ మేనత్తను పెట్టినం" అనుకుంట వేలు పోనిచ్చిండు. కాయిదం మీద లేని పేర్లన్ని ఆయన నోట్ల ఉన్నయి. పక్కన కూసోని ఒక్కొక్కటి రాసుకున్న. తర్వాత మెల్లగ అన్నడు, "ఇసొంటివి పట్టుకొని తిరుగకు కొడుకా."

బాపు భయం ఊరికెనే కాదు. 1978ల జగిత్యాల జైత్రయాత్ర అయినంక జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిన్రు. బాపు అప్పటికి మీసం మొలుస్తున్న పోరడు. ఆ తర్వాత ఇరవై, పాతికేండ్లు మా దిక్కు చేతిల మ్యాపు దొరికితే వాడు ఏమైతడో అందరికి తెలుసు. గుట్టలు, వాగులు గీసిన కాయిదం నీ జోలెల ఎందుకున్నది అని అడిగితే ఏం చెప్తవు? ఆదిలాబాద్‌ల 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిల గోండుల మీద కాల్పులు జరిగినయి. చచ్చిపోయింది 13 మంది అని సర్కారు లెక్క. ఊర్లల్ల చెప్పుకునే లెక్క దానికి ఎన్నో రెట్లు. మ్యాపు మీద గీత గీసే అధికారం ఒకరిది. ఆ గీత చూసుకునే ధైర్యం కూడ లేకుంట చేసిన్రు రెండోళ్లకు.

ఆదిలాబాద్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలె. నేను పాఠం చెప్పే గోండు, కోలాం పిల్లల తాతలకు గీత ఇంకో తీరుగ వచ్చింది. వాళ్ల చేన్ల మీద నుంచి రిజర్వు ఫారెస్టు హద్దు పోయింది. నిన్నటి దాక దున్నుకున్న పోడు తెల్లారేసరికి సర్కారు అడివి. కొమురం భీం జోడేఘాట్‌ల కొట్లాడి 1940ల చనిపోయింది ఆ గీత మీదనే అనుకోవచ్చు. ఆ తర్వాత నైజాం సర్కారు హైమెండార్ఫ్‌తోని గోండుల స్థితి మీద రిపోర్టు రాయించుకుంది, మార్లవాయిల బడి తెరిచింది, వేల ఎకరాలకు పట్టాలిచ్చింది. హైమెండార్ఫ్ భార్య ఎలిజబెత్ సమాధి మార్లవాయిలనే ఉంది. గోండులు ఆమెను ఇప్పటికీ తల్చుకుంటరు, అది వాళ్ల మంచితనం. మా మాదిగోల్ల మీద అట్ల రిపోర్టు రాసేటానికి ఏ దొర రాలేదు. మేం అడివిల లేము, ఊరి పక్కనే ఉన్నం. పక్కన ఉన్నది కనిపించదు.

కొలిచినోళ్ల సంగతే చూడండ్రి. విలియం లాంబ్టన్ 1802ల మద్రాసు కాడ వంద అడుగుల ఉక్కు గొలుసుతోని మొదలువెట్టి దేశాన్ని త్రిభుజాలుగ కొలుచుకుంట ఉత్తరానికి నడిచిండు. హైదరాబాద్ రాజ్యం నిలువుగ దాటి, మా ఆదిలాబాద్‌కు ఉత్తరాన వార్ధా జిల్లా హింగన్‌ఘాట్‌ల 1823ల చనిపోయిండు. ఆయన సమాధి అక్కడ ఉన్నది. ఆయన తర్వాత పని పట్టుకున్న జార్జ్ ఎవరెస్ట్ పేరు ఏకంగ లోకంల ఎత్తైన శిఖరానికి పెట్టిన్రు. వాళ్లెంబడి గొలుసు, జెండాలు, అరటన్ను బరువున్న థియోడొలైట్ మోసినోళ్లు ఎందరు చచ్చిండ్రో, ఏ వాగు ఒడ్డున బొందపెట్టిన్రో ఏ షీటు మీద గుర్తు లేదు.

ట్రేసింగ్ కాయిదం పట్టుకొని కరీంనగర్ల ఒక వకీలు దగ్గరికి పోయినం. మనోడే. కాయిదం చూసి సంబురపడ్డడు, తర్వాత తల అడ్డంగ ఊపిండు. 1872 సాక్ష్యాల చట్టంల 36వ సెక్షన్ ప్రకారం సర్కారు వేసిన మ్యాపుల ఉన్న సంగతి సాక్ష్యమే. 83వ సెక్షన్ ప్రకారం ఆ మ్యాపు సరైందనే కోర్టు అనుకోవాలె, కాదన్నోడు రుజువు చెయ్యాలె. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంల కొత్త సాక్ష్య చట్టం వచ్చింది గాని ఈ మాటలు దాంట్ల కూడ ఉన్నయి. అయితే పంతులు చేత్తోని దించిన కాయిదానికి ఇవి వర్తించవు. "అసలు షీటు తే, లేకుంటే ఆఫీసు మొహరుతోని నకలు తే" అన్నడు. ఇంకో సంగతి కూడ చెప్పిండు. మ్యాపు పట్టా కాదు. ఇది భూమి మీదే అని చెప్పదు. ఇన్నేండ్ల నుంచి ఇక్కడ బాట ఉంది, వాడ నుంచే ఉంది అని మాత్రం చెప్తది. మాకు అదే చాలు.

మల్ల గ్రంథాలయం. మల్ల అదే మాట, మ్యాపు బయటికి పోదు. నకలు తీసిచ్చే పద్ధతి లేదు, మొహరు వేసే అధికారం ఎవరిదో తెలువదు. ఇంతల 2020 మార్చి వచ్చింది, కరోనా, తలుపులన్ని బందు. ఆ ఏడాది వాడల ముగ్గురు చనిపోయిన్రు. హద్దురాళ్ల నడుమనే, పోలీసుల ముందట, పోట్లాడి బొందపెట్టినం.

2021ల సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టిన. 2005 చట్టం, పది రూపాయల ఫీజు. ఆ చట్టం రెండో సెక్షన్ల సమాచార హక్కు అంటే కాయిదం చూసుకునుడు, నోట్సు రాసుకునుడు, ధ్రువీకరించిన నకలు తీసుకునుడు అని స్పష్టంగ ఉంది. విశ్వవిద్యాలయం సర్కారు సొమ్ముతోని నడిచేదే. ముప్పై రోజులల్ల జవాబియ్యాలె. ఇయ్యలేదు. అప్పీలు పెట్టిన. నాలుగో నెలల పోస్టుల ఒక కవరొచ్చింది. అండ్ల నాలుగు ముక్కలుగ తీసి అంటించిన జిరాక్సు, కింద గుండ్రటి మొహరు, సంతకం.

నలుపు తెలుపు జిరాక్సు. ఎర్ర చుక్కల గీత బూడిదరంగుల మునిగింది. తెలిసినోడు చూస్తే కనిపిస్తది. తెలువనోనికి అది కాయిదం మీద మురికి.

వకీలు దాన్నే ఫిర్యాదుకు జోడించిండు. రంగుల నకలు కోసం మల్ల దరఖాస్తు పెట్టిన. మండల సర్వేయర్ ఒకసారి వచ్చి చూసి పోయిండు. ఇప్పుడు గొలుసు లేదు, మూడు కాళ్ల మీద నిలబెట్టే యంత్రం, ఒకరు పట్టుకొని నిలబడే కడ్డీ. ఆయన మా బాపును చూసి "ఓ పెద్దమనిషీ, గా కడ్డీ పట్టుకొని సీదాగ నిలబడు" అన్నడు. బాపు నా దిక్కు చూసిండు. నేను పోయి పట్టుకున్న.

మా బడిల ఏడో తరగతి పిల్లలతోని ఇప్పుడు ప్రతి జూలైల వాళ్ల గూడెం మ్యాపు గీయిస్తున్న. మొదలు రోడ్డు గీస్తరు, బడి గీస్తరు, పంచాయతాఫీసు గీస్తరు, పుస్తకంల ఉన్న గుర్తులే. ఇంటికి పోయి తాతను అడిగి రమ్మంటే మర్నాడు పెర్సపేన్ గుడి, ఇప్పచెట్టు, పాత గూడెం జాగ, చచ్చిపోయినోళ్ల రాళ్లు తెస్తరు. ఒక పిల్ల పాత గూడెంకు పోయే బాట గీసి కొసకు ఏం గుర్తు పెట్టాలె సార్ అని అడిగింది. పట్టికల గుర్తు లేదు. ఏం పెట్టాలనుకుంటే అది పెట్టుమన్న. ఆకు గీసింది.

ఆ అటెండరన్న రిటైరయిండు. పోయేముందు ఫోన్ చేసి బీరువా ఇప్పుడు కింది అంతస్తుకు మార్చిన్రు, తాళం ఫలానా టేబుల్ కాడ ఉంటది, 56 ఎన్ షీట్లు మూడో అరల ఉంటయి అని చెప్పిండు. మన ఊర్లల్ల ఎవరికన్న అవసరం పడితే నంబరు రాసుకొని పోండ్రి. ఊరి పాత పేరు, తాలూకా పాత పేరు తెలుసుకొని పోండ్రి. కార్డు లేకుంటే ఎవరిదన్న చిట్టీ, అది లేకుంటే పది రూపాయల దరఖాస్తు. ట్రేసింగ్ కాయిదం, భూతద్దం, పెన్సిల్ మర్వకుండ్రి. పెన్ను లోపలికి రానియ్యరు.